నానమ్మ మాట తేడాగా ఉంది

ఏటా ఈ సంచికలో పిల్లలకి తెలుగు ఎందుకు నేర్పాలో చెబుతూ మనలో ఎవరో ఒకరం రాస్తూనే ఉంటాం. సంస్కృతి అంటాం, మూలాలు అంటాం, ఊరెళ్ళినప్పుడు తాతయ్యతో మాట్లాడాలి కదా అంటాం. అన్నీ నిజమే. కానీ ఆదివారం పొద్దున్నే సాకర్ మానుకుని గుణింతాలు దిద్దే మా రెండో తరగతి పిల్లల్ని ఈ మాటలేవీ పెద్దగా కదిలించవు. ఈసారి నేను రాయబోయే కారణం వేరు. అది మెదడుకి రక్తం అందకపోతే ఏమవుతుందనే సంగతికి సంబంధించింది. నేను డాక్టరుని కాను. మా ఇంట్లో జరిగింది, డాక్టర్లు మాకు చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది మాత్రమే రాస్తున్నాను.

ఇక్కడి పిల్లలకి స్ట్రోకు అంటే తెలుస్తుంది. పెద్దవాళ్ళు పక్షవాతం అంటారు. కాలూ చెయ్యీ పడిపోయిందనీ, మూతి వంకర పోయిందనీ, మాట పడిపోయిందనీ అంటారు. పక్షం అంటే ఒక పక్క. శరీరంలో ఒక పక్కకి వచ్చే జబ్బు అని పేరు పెట్టినవాళ్ళు సరిగ్గానే గమనించారు. పేరులో వాతం ఉండడం వల్ల గాలి సోకిందనుకునేవాళ్ళు మాత్రం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకాయనకి చెయ్యి పడిపోతే పావురం రక్తం తెచ్చి రాశారు. ఆయన ఆ తర్వాత పదేళ్ళు అరుగు మీద కూర్చునే గడిపారు. ఇందులో గాలీ లేదు, ధూళీ లేదు. మెదడుకి వెళ్ళే రక్తనాళం గడ్డ అడ్డుపడి మూసుకుపోతుంది, లేదా నాళం చిట్లి రక్తం బయటికి వస్తుంది. అమెరికాలో వచ్చే స్ట్రోకుల్లో నూటికి దాదాపు 87 మొదటి రకానివే.

2023 మే నెలలో మా అత్తయ్య గారు ఆరు నెలలు ఉందామని మా ఇంటికి వచ్చారు. అప్పటికి ఆవిడకి 71 ఏళ్ళు. సొంతూరు తణుకు. మామయ్య గారి రైల్వే ఉద్యోగం వల్ల ఇరవై ఏళ్ళు ఖరగ్‌పూర్‌లో ఉన్నారు. బి.పి. మాత్రలు పదిహేనేళ్ళుగా వాడుతున్నారు. ఒక శనివారం పొద్దున్న మా అమ్మాయికి డిక్టేషను చెబుతున్నారు. మర్నాడు మన బడిలో చ గుణింతం పరీక్ష. నానమ్మ మాట చెప్పడం, మనవరాలు రాయడం. చాప, చిలక, చీర, చుక్క. ఆ తర్వాత నానమ్మ అన్నది మాట కాదు. మా అమ్మాయి మళ్ళీ చెప్పమంది. ఈసారి వచ్చిందీ మాట కాదు, పైగా మొదటిదానిలా కూడా లేదు.

వంటింట్లో దోసెల పిండి రుబ్బుతున్న నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నానమ్మ మాట తేడాగా ఉంది" అంది.

ఎలా తెలిసిందని తర్వాత చాలామంది దాన్ని అడిగారు. "నేను తప్పు పలికితే నానమ్మ ఊరుకోదు. తను తప్పు పలకదు. పలికి నవ్వలేదు కూడా" అని చెప్పింది. తొమ్మిదేళ్ళ పిల్ల చేసిన ఈ పరీక్షకి మించింది నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. నానమ్మ మాట రోజూ ఎలా ఉంటుందో తెలిస్తేనే ఇవాళ ఎలా లేదో తెలుస్తుంది. అదే ఇంట్లో నానమ్మతో ఇంగ్లీషులో హాయ్, బై చెప్పి గదిలోకి వెళ్ళిపోయే పిల్ల ఉంటే, ఆ ముసలావిడ నోటెంట ఏ తెలుగు ముక్క వచ్చినా ఆ పిల్లకి ఒకటే.

ఆఫీసులో ఇచ్చిన ప్రథమ చికిత్స శిక్షణలో చెప్పినవి నాకు గుర్తున్నాయి. అత్తయ్య గారిని నవ్వమన్నాను. ఎడమ వైపు నవ్వారు, కుడి మూతి కదలలేదు. రెండు చేతులూ ముందుకి చాపమన్నాను. కుడి చెయ్యి తనంతట తనే కిందికి దిగింది. "ఇవాళ శనివారం, రేపు బడి" అనమన్నాను. నా మొహంలోకి చూశారు గానీ అనలేకపోయారు. గడియారంలో 10:20. మా వారు 911కి ఫోను చేశారు.

పిల్లలూ, ఈ పరీక్షని ఇంగ్లీషులో మీ స్కూల్లో నేర్పే ఉంటారు. మన క్లాసులో దీన్ని ఆరు తెలుగు మాటలుగా చేసుకున్నాం: నడక, చూపు, నవ్వు, చెయ్యి, మాట, వేళ. నడక అంటే ఉన్నట్టుండి తూలిపోవడం. చూపు అంటే ఒక కంట్లోనో రెండింట్లోనో హఠాత్తుగా చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం. నవ్వు, చెయ్యి, మాట సంగతి పైన చెప్పాను. వేళ అంటే టైము చూసుకుని వెంటనే ఫోను చేయడం. వీటన్నిటికీ ముందు పెట్టుకోవాల్సిన మాట "హఠాత్తుగా". పదేళ్ళుగా తాతయ్య కుంటుతుంటే అది మోకాలి నొప్పి. పొద్దున్న బాగా నడిచిన మనిషి కాఫీ తాగి లేచేసరికి కుంటితే అది వేరు. జన్మలో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా అంతే. ఈ ఆరూ కలిసి రానక్కర్లేదు, ఒక్కటి చాలు. ఇంకో సంగతి. మాట పరీక్షకి నాలుక తిరగని వాక్యాలు పెట్టకండి. మా క్లాసులో ఒక అబ్బాయి అలాంటిది పెడితే ఆరోగ్యంగా ఉన్న ముగ్గురు టీచర్లం ఫెయిలయ్యాం.

911 వాళ్ళు, అంబులెన్సు వాళ్ళు, ఆసుపత్రి వాళ్ళు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఆఖరిసారి ఆవిడ మామూలుగా ఉన్నది ఎప్పుడు? జబ్బు ఎప్పుడు బయటపడిందని కాదు, ఆఖరిసారి ఎప్పుడు బాగున్నారని. దానికి జవాబు మా అమ్మాయి నోటు పుస్తకంలో ఉంది. డిక్టేషను పదీ పదికి మొదలుపెట్టారు. "చుక్క" దాకా వరసగా రాసి ఉంది, కింది గీత ఖాళీ. రాత్రి బాగా పడుకుని పొద్దున్న ఇలా లేచిన మనిషి విషయంలో అయితే పడుకున్న వేళనే లెక్కలోకి తీసుకుంటారు. అందుకే రాత్రి పదకొండింటికి మంచినీళ్ళకి లేచినప్పుడు తాతయ్య మాట్లాడారా లేదా అన్నది కూడా పనికొచ్చే సమాచారమే.

టైము ఇంత ముఖ్యం ఎందుకంటే, పెద్ద నాళం మూసుకుపోయిన మెదడులో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక లెక్క వేశారు. గడ్డని కరిగించే మందుకి అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. మొదట్లో మూడు గంటల్లోపలే ఇచ్చేవారు. 2008లో వచ్చిన పరిశోధనతో కొందరికి నాలుగున్నర గంటల దాకా ఇవ్వవచ్చని తేలింది. ఒకే ఇంజక్షనుగా ఇచ్చే టెనెక్టెప్లేజ్ అనే మందుకి స్ట్రోకు చికిత్స కోసం 2025లో అనుమతి దొరికింది. పెద్ద నాళంలో పెద్ద గడ్డ ఉంటే తొడ దగ్గరి నుంచి సన్నటి గొట్టం పంపి దాన్ని బయటికి లాగేస్తారు. ఈ పద్ధతి పనిచేస్తుందని 2015లో వరసగా వచ్చిన పరిశోధనలు తేల్చాయి. ఎంపిక చేసిన కొందరికి 24 గంటల దాకా చేయవచ్చని 2018లో తెలిసింది. 24 గంటలున్నాయి కదా అని స్నానం చేసి బయల్దేరమని దీనికి అర్థం కాదు. ఎంత ముందు చేస్తే అంత మెదడు మిగులుతుంది.

అంబులెన్సు వచ్చేలోపల చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. గుండెపోటుకి ఇస్తారు కదా అని దీనికీ ఇచ్చేస్తారు చాలామంది. గడ్డ వల్ల వచ్చిందో నాళం చిట్లి వచ్చిందో స్కాను తీస్తే గానీ తెలియదు. చిట్లిన నాళానికి ఆస్పిరిన్ అపకారం. కాఫీ గానీ, గ్లూకోజు నీళ్ళు గానీ, దేవుడి తీర్థం గానీ నోట్లో పోయకూడదు. మింగే శక్తి తగ్గి అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పది వేళ్ళకీ సూదితో పొడిచి రక్తం కార్చమని ఒక ఉత్తరం నేను అమెరికా వచ్చిన కొత్తల్లో ఈమెయిల్లో చూశాను, ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. దానికి ఏ ఆధారమూ లేదు, అరగంట వృథా అవడం తప్ప. కార్లో మనమే తీసుకెళ్దామనే ఆలోచన కూడా మంచిది కాదు. అంబులెన్సు వాళ్ళు దారిలోనే ఆసుపత్రికి కబురు చేస్తారు, స్ట్రోకుకి వైద్యం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్తారు. మనం వెళ్తే ముందు పార్కింగు వెతుక్కోవాలి.

ఆసుపత్రిలో మళ్ళీ భాష దగ్గరికే వచ్చింది కథ. స్ట్రోకు తీవ్రతని చూడడానికి ఒక బొమ్మ చూపించి అందులో ఏం జరుగుతోందో చెప్పమంటారు. చాలా ఏళ్ళుగా వాడుకలో ఉన్న బొమ్మలో అబ్బాయి స్టూలెక్కి బీరువాలోంచి కుకీలు తీస్తుంటాడు, వాళ్ళమ్మ గిన్నెలు తుడుస్తుంటే సింకు పొంగి నీళ్ళు నేల మీద పడుతుంటాయి. కుకీల డబ్బా ఎరగని తణుకావిడని ఇంగ్లీషులో ఆ బొమ్మ గురించి అడిగితే, ఆవిడ చెప్పలేకపోవడం జబ్బు వల్లనా, భాష వల్లనా? నర్సుకి తెలిసే దారి లేదు. మేము తెలుగు దుబాసీ కావాలని అడిగాం. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలన్నది ఇక్కడి చట్టం. చాలామందికి ఈ సంగతి తెలియదు. టాబ్లెట్ తెర మీద ఒకావిడ ప్రత్యక్షమైంది. చాలా మర్యాదగా, కాస్త గ్రాంథికంగా, "మీ కుడి హస్తాన్ని పైకి లేపండి" అంది. అత్తయ్య గారు మా అమ్మాయి వైపు చూశారు. "నానమ్మా, కుడి చెయ్యెత్తు" అంది అది. సగం దాకా ఎత్తారు. మామూలుగా పిల్లలు ఈ పని చేయకూడదు, అత్యవసరమైతే తప్ప పిల్లల్ని దుబాసీలుగా వాడవద్దని నిబంధన కూడా ఉంది. నానమ్మకి చెడు కబురు పిల్ల నోటితో చెప్పించడం న్యాయం కాదు కూడా. అందుకే ఆ తర్వాతదంతా మా వారూ, తెర మీది ఆవిడా చూసుకున్నారు.

స్కానులో రక్తం కారలేదని తేలింది. పన్నెండు దాటకుండా మందు ఇచ్చారు. సాయంత్రానికి చెయ్యి లేచింది. మాట రావడానికి మాత్రం వారాలు పట్టింది. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ భాష మెదడు ఎడమ భాగంలో ఉంటుందట. ఆ భాగమే శరీరం కుడి పక్కని నడుపుతుంది. కుడి చెయ్యి, మాట కలిసి దెబ్బతినడం అందుకే. మాట నేర్పే ఆవిడ మొదటి రోజే ఆవిడకి ఎన్ని భాషలు వచ్చని అడిగింది. తెలుగు, హిందీ, కొంత బెంగాలీ అని చెప్పాం. అన్నిటిలోనూ మాట్లాడించండి అంది. అత్తయ్య గారికి ముందు తెలుగు వచ్చింది. పదిరోజుల తర్వాత ఫోనులో ఖరగ్‌పూర్ స్నేహితురాలితో హిందీ వచ్చింది. పళ్ళెం అడగాలనుకుని గిన్నె అనడం ఇంకా అప్పుడప్పుడూ ఉంది.

ఈ సందర్భంలో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో జరిగిన పరిశోధన గురించి చదివాను. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆవిడ సహచరులు స్ట్రోకు వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రచురించారు. ఒకే భాష వచ్చినవాళ్ళలో సుమారు 20 శాతం మందికి ఆలోచన, జ్ఞాపకం వంటి శక్తులు మామూలుగా మిగిలితే, రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళలో 40 శాతం మందికి మిగిలాయి. మాట పడిపోవడంలో మాత్రం తేడా కనబడలేదు. రెండు భాషలు వస్తే స్ట్రోకు రాదని కాదు, వచ్చాక మెదడు తట్టుకోవడంలో తోడ్పడవచ్చని. మన నేల మీద, మనలాంటి తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిపి మాట్లాడే మనుషుల మీద చేసిన పని కాబట్టి నాకు మరీ నచ్చింది. గుణింతాలు ఎందుకని అడిగే పిల్లలకి ఇక నుంచి ఇదే చెబుతాను.

రాకుండా చూసుకోవడం గురించి కూడా చెప్పాలి. 32 దేశాల్లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది. స్ట్రోకుల్లో దాదాపు తొంభై శాతం పది కారణాలతో ముడిపడి ఉన్నాయని, అందులో అన్నిటికన్నా పెద్దది బి.పి. అని అందులో తేలింది. బి.పి.కి నొప్పి లేదు, అందుకే మన పెద్దవాళ్ళు దాన్ని జబ్బుగా లెక్కేయరు. "ఇవాళ బాగానే ఉందమ్మా, మాత్ర మానేశాను" అంటారు. మాత్ర వేసుకోబట్టే బాగుంది. ఇండియా నుంచి తెచ్చిన మాత్రలు అయిపోవస్తుంటే రోజు విడిచి రోజు వేసుకుని సర్దుకునేవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు, సీసా ఎత్తి చూడండి. బి.పి. ఇంట్లో చూసేటప్పుడు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, పాదాలు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. చివరిది మనవాళ్ళకి కష్టం. 2017 నుంచి అమెరికాలో 130 పైన గానీ, 80 కింద గానీ దాటితే ఎక్కువ కిందే లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే ఒక టీస్పూను. ఆవకాయ, అప్పడాలు, చల్ల మిరపకాయలు, ఉప్పేసిన మజ్జిగ ఉన్న భోజనంలో ఆ స్పూను మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. ఆవకాయ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు. ముద్దకి ఒకసారి కాకుండా భోజనానికి ఒకసారి అని మా ఇంట్లో ఒప్పందం. షుగరు, పొగ, కొలెస్ట్రాలు సంగతి మీకు తెలిసిందే. తెలియనిది గుండె లయ తప్పడం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ జబ్బులో గుండె గదిలో రక్తం నిలిచి గడ్డ కట్టి మెదడుకి చేరుతుంది, స్ట్రోకు వచ్చే అవకాశం అయిదు రెట్లవుతుంది. నాడి పట్టుకుంటే అడ్డదిడ్డంగా కొట్టుకుంటుందంటే డాక్టరుకి చెప్పాలి, దానికి మందులున్నాయి. ఇంకోటి, పది నిమిషాలు మూతి వంకర పోయి తనంతట తనే సర్దుకుంటే "పోయింది లెద్దూ" అని పడుకోబెట్టకండి. అసలు స్ట్రోకు వచ్చే ప్రమాదం ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంక డబ్బు. చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు నోరు విప్పకపోవడానికి అసలు కారణం ఇదే. కొడుకు మీద బిల్లు పడుతుందని చెయ్యి తిమ్మిరెక్కినా చెప్పరు. 1986 నాటి చట్టం ప్రకారం ఇక్కడి ఎమర్జెన్సీలో డబ్బుతో నిమిత్తం లేకుండా పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు వస్తుంది, అది నిజం, దాని గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. విజిటర్ ఇన్సూరెన్సు కొనేటప్పుడు పాత జబ్బులు ఉన్నట్టుండి ముదిరితే ఎంతవరకు ఇస్తారో చదివి కొనండి, అన్ని పాలసీలూ ఒకటి కావు. అత్తయ్య గారు విమానం దిగిన రోజే మా వారు ఆవిడతో, "ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా చెప్పమ్మా, ఖర్చు నేను చూసుకుంటాను" అన్నారు. ఆ మాట ముందే అనడం మంచిది.

మన అమ్మానాన్నలు చాలామంది అక్కడే ఒంటరిగా ఉన్నారు. వీడియో కాల్లో నాన్నగారి మూతి వంకర కనిపిస్తే ఇక్కడ 911 నొక్కి లాభం లేదు. ఆంధ్రలో 2005 నుంచీ 108 అంబులెన్సు ఉంది, కానీ ఆ ఫోను అక్కడి నుంచి వెళ్ళాలి. పక్కింటివాళ్ళవి, కింది వాటా వాళ్ళవి రెండు నంబర్లు దగ్గర పెట్టుకోండి. రాత్రి కూడా స్కాను తీసి, గడ్డ కరిగించే మందు ఇచ్చే ఆసుపత్రి ఏదో ఈసారి ఊరెళ్ళినప్పుడే కనుక్కోండి. దగ్గరున్న నర్సింగు హోముకి వెళ్ళి, అక్కడ స్కాను లేదని ఇంకో చోటికి వెళ్ళేసరికి గంటలు గడిచిపోతాయి.

ఈ ఏడాది మా రెండో తరగతి పిల్లలు ఫ్రిజ్ మీద అంటించడానికి కార్డులు తయారుచేశారు. ఒక వైపు ఆరు మాటలు బొమ్మలతో ఉన్నాయి. "చూపు"కి గీసిన కళ్ళు కొన్ని భయంకరంగా ఉన్నాయి, నవ్వకండి. రెండో వైపు ఖాళీ గీతలు: ఇంటి చిరునామా ఇంగ్లీషులో, నానమ్మ లేక తాతయ్య పూర్తి పేరు, పుట్టిన ఏడాది, వాడే మందులు, రక్తం పలచబడే మందు వాడుతున్నారా లేదా, ఏ మందు పడదు, మాట్లాడే భాష తెలుగు. వార్షికోత్సవం రోజు టిఫిన్ల బల్ల పక్కన పెడతాం, ఇంటికొకటి తీసుకెళ్ళండి. మందుల గీత పెన్సిలుతో నింపండి, అవి మారుతుంటాయి.